రేకుల షెడ్లు బంద్ పెట్టిన ఏడు

మా ఇంట్లో గుడ్డు కూడా తినరు. అయినా మా ఇల్లు నడిచింది కోళ్ల మీదే. ఈ మాట చెబితే బంధువులు నవ్వుతారు. మా అత్తమ్మ మాత్రం ఏనాడూ నవ్వలేదు.

చేవెళ్లలో రోడ్డు మీద ఉన్న మా దుకాణం మొదట మక్కల దుకాణం, అంటే మొక్కజొన్నల కొట్టు. మామయ్య చుట్టుపక్కల రైతుల దగ్గర మక్కలు కొని, నగరంలో కోళ్ల దాణా తయారుచేసే వాళ్లకు అమ్మేవారు. ఆ మక్కలు చివరికి ఎవరి కడుపులోకి పోతాయో మనకెందుకు అనేవారట. మా ఆయన చేతికి దుకాణం వచ్చాక దాణా మేమే తెచ్చి అమ్మడం మొదలైంది. తర్వాత మందులు, ఆ తర్వాత కోడిపిల్లలు. చివరికి ఒక పద్ధతి స్థిరపడింది. పిల్లలు, దాణా, మందులు మావి. షెడ్డు, చాకిరీ రైతులవి. కోళ్లు ఎదిగాక మేమే బండ్లలో ఎత్తి నగరంలోని చికెన్ దుకాణాలకు వేసేవాళ్లం. పెంచినందుకు రైతులకు ఇంతని ఇచ్చేవాళ్లం.

అది మొదలైన నాటి నుంచి అత్తమ్మ దుకాణం మెట్టు ఎక్కలేదు. మా ఆయన ఇంటికి రాగానే వాకిట్లోనే కాళ్లు కడుక్కోవాలి, చొక్కా అక్కడే విడవాలి. ఆమె చెంబుతో నీళ్లు పట్టుకుని నిలబడేది.

పెళ్లయిన కొత్తలో నేను కౌంటర్ దగ్గర కూర్చోవడానికే జంకేదాన్ని. దాణా వాసన తలనొప్పి తెప్పించేది. మెల్లగా అదీ అలవాటైంది, షెడ్ల దగ్గరికి వెళ్లడమూ అలవాటైంది. షెడ్లలో పని ఎక్కువగా ఆడవాళ్లదే. వాళ్లు మా ఆయనతో చెప్పుకోలేని సంగతులు నాతో చెప్పేవారు. కోళ్ల సంగతులతో పాటు పిల్లల చదువులు, నడుం నొప్పులు, అన్నీ.

వాళ్లలో నాకు బాగా దగ్గరైన మనిషి హిమాయత్‌నగర్ అక్క. నగరంలోని హిమాయత్‌నగర్ కాదు, మొయినాబాద్ దాటాక వచ్చే పల్లె. చేవెళ్ల రోడ్డు నుంచి లోపలికి పోతే ఊరి చివర వాళ్ల షెడ్డు. కింద నాలుగు వరసల ఇటుక గోడ, పైన జాలీ, దాని మీద సిమెంటు రేకులు. ఆ గోడ అన్న స్వయంగా కట్టుకున్నాడు. అన్న అంటే అక్క భర్త. అంతకుముందు ఫామ్‌హౌజ్‌లకు ప్రహరీలు కట్టే మేస్త్రీ. ఇతరుల గోడలు కట్టీ కట్టీ విసుగొచ్చి, ఉన్న కొద్దిపాటి జాగాలో షెడ్డు వేసుకుని మా దగ్గర కోడిపిల్లలను తీసుకున్నాడు. మాట తక్కువ మనిషి. షెడ్డులో ఎప్పుడూ పాత ఫోన్‌లో పాటలు పెట్టి ఉంచేవాడు. ఉన్నట్టుండి ఏదైనా చప్పుడైతే కోళ్లు బెదిరి ఒకదాని మీద ఒకటి పడతాయి, చప్పుడుకు అలవాటుపడితే బెదరవు. ఆ పాటలు కోళ్ల కోసమా, ఆయన కోసమా అని అక్క ఎగతాళి చేసేది.

నేను వెళ్తే అక్క వేపచెట్టు కింద నులకమంచం వాల్చి, ముందు మంచినీళ్లు ఇచ్చేది. మా ఇంటి ఆచారం తెలుసు కాబట్టి, నా కోసమని ఒక స్టీలు గ్లాసు వేరుగా ఉంచింది. అవసరం లేదక్కా అని ఎన్నిసార్లు చెప్పినా వినలేదు.

బ్రాయిలర్ కోడికి చెమట పట్టదు. ఒంట్లోని వేడి నోటి గుండానే పోవాలి. ఎండ ముదిరితే నోరు తెరిచి, రెక్కలు దించి, గొంతు కొట్టుకుంటూ నిలబడుతుంది. ఇంకా ముదిరితే నిలబడ్డ చోటే ఒరిగిపోతుంది. ఇది మాకు ఎప్పటి నుంచో తెలుసు. రోహిణి కార్తె వస్తుందంటే షెడ్ల మీద వరిగడ్డి పరిచి నీళ్లు చల్లేవాళ్లు, జాలీలకు తడి గోనెపట్టాలు కట్టేవాళ్లు, పగలు దాణా ఆపి తెల్లవారుజామున పెట్టేవాళ్లు. ఎట్లాగో గండం గడిచేది.

తర్వాత తర్వాత ఆ జాగ్రత్తలన్నీ హోలీ నాటికే మొదలుపెట్టాల్సి వచ్చింది. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు. ఆ ఏళ్లలో మా వీధిలో శివరాత్రి జాగారం చేసేవాళ్లు ఫ్యాన్లు వేసుకుని కూర్చున్నారు. పొద్దుగూకినా రేకుల వేడి దిగేది కాదు. మక్కలు కోసి కల్లంలో ఆరబోసుకునే వేళకు వాన వచ్చేది, వాన కావాల్సిన వేళకు ఆకాశం తెల్లగా ఉండేది. తడిసిన మక్కలకు బూజు పట్టేది. ఆ మక్కల దాణా తిన్న కోళ్లకు జబ్బు.

మా ఆయన చేతులు ముడుచుకుని కూర్చునే మనిషి కాదు. షెడ్లలో నీటి తుంపర కొట్టే పైపులు పెట్టించారు. మక్కలు దూరం నుంచి తెప్పించడం మొదలుపెట్టారు. ఎండలు మండే రోజుల్లో షెడ్లలో చిన్న కోడిపిల్లలే ఉండేటట్టు బ్యాచ్‌ల వేళలు మార్చారు, ఎందుకంటే పెద్ద కోడి తట్టుకోలేని వేడిని చిన్నపిల్ల కాస్త తట్టుకుంటుంది. కానీ పెళ్లిళ్లన్నీ ఆ రోజుల్లోనే. మా దగ్గర పెద్ద కోళ్లు లేకపోతే చికెన్ దుకాణాల వాళ్లు ఊరుకోరు, పెద్ద కంపెనీల దగ్గరికి పోతారు. ఆ కంపెనీలవి మూసిన షెడ్లు. ఒక కొసన తడి అట్టల గుండా గాలి లోపలికి వస్తుంది, రెండో కొసన పెద్ద ఫ్యాన్లు దాన్ని లాగుతాయి. ఇల్లంత కూలర్ అనుకోండి. ఊళ్లలో దాన్ని ఏసీ షెడ్డు అంటారు. వాళ్లకు రోహిణి అయినా పుష్యమాసమైనా ఒకటే.

అందుకని ఆ ఏడు ఎండాకాలం కొన్ని షెడ్లలో పెద్ద కోళ్లను ఉంచారు మా ఆయన. అందులో అక్క వాళ్ల షెడ్డు ఒకటి.

వడగాలులు ఆగకుండా వీస్తున్న రోజులు. ఆ మధ్యాహ్నం మా ఆయన పని మీద నగరానికి వెళ్లారు. నేను కౌంటర్ దగ్గర ఉన్నాను. అక్క ఫోన్ చేసింది.

"సేటమ్మా, కరెంటు పోయింది. ట్రాన్స్‌ఫార్మర్ కాలిందంటున్నరు. మోటర్ నడుస్తలేదు, ట్యాంకిల నీళ్లు అయిపోతున్నయి. కోళ్లు పడుతున్నయి."

ఆమె గొంతులో ఏడుపు లేదు. పనిలో ఉన్న మనిషి గొంతు. ఏదన్నా చెయ్యండి అని కూడా అనలేదు.

నాకు తోచింది ఐసు. పెళ్లిళ్లకు ఐసు వేసే ఆయన మా వీధి చివరే ఉంటాడు. దొరికినన్ని దిమ్మలు తీసుకుని, గోనెపట్టాలు చుట్టి, మా దుకాణం ట్రాలీ ఆటోలో వేయించి, డ్రైవర్ పక్కన నేనూ ఎక్కాను. దారంతా వెనక నుంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి. రోడ్డు మీద పడ్డ నీళ్లు పడ్డట్టే ఆరిపోతున్నాయి. మొయినాబాద్ దాటేసరికి ఎంత మిగిలిందో చూడటానికి వెనక్కి తిరగబుద్ధి కాలేదు.

కోళ్ల షెడ్డు దూరం నుంచే హోరుమంటుంది. మేం దిగేసరికి ఆ హోరు లేదు. ఫోన్‌లో పాట ఒక్కటే వినిపిస్తోంది. లోపల కోళ్లు తెల్లగా పరుచుకుని ఉన్నాయి. బతికినవి, చచ్చినవి కలిసిపోయి ఉన్నాయి. కొన్నింటి గొంతులు మాత్రం కొట్టుకుంటున్నాయి.

పక్కన ఒక ఫామ్‌హౌజ్ ఉంది. దాని యజమానులు సెలవు రోజుల్లో వస్తారు. అందులో ఈతకొలను ఉంది. వాచ్‌మన్ ఎవర్నీ అడగకుండానే గేటు తెరిచాడు. ఊరి ఆడవాళ్లు ఆ కొలనులోంచి బకెట్లతో నీళ్లు మోస్తున్నారు. ఆ నీళ్లకు మందు వాసన. ఒకరి చేతి నుంచి ఒకరి చేతికి బకెట్లు పోతున్నాయి. అన్న రేకుల మీద ఉన్నాడు. కింది నుంచి అందించిన నీళ్లు గడ్డి మీద పోస్తూ, గడ్డి జారిన చోట తడి పట్టాలు పరుస్తూ అటూ ఇటూ నడుస్తున్నాడు. తలకు తువ్వాలు చుట్టుకున్నాడు, కాళ్లకు చెప్పులు లేవు. చెప్పులేసుకుంటే రేకులు జారుతాయని విడిచాడట.

అక్క అతన్ని దిగమని కేకేసింది. "జరంత ఆగు, ఈ కొస అయిపోతే దిగుత" అన్నాడు.

మేము ఐసు పగలగొట్టి నీళ్ల తొట్లలో వేస్తూ, బతికిన కోళ్లను ఒక పక్కకు చేరుస్తూ ఉన్నాం. ఎంతసేపైందో తెలియదు. అన్న తనే నిచ్చెన దిగి వచ్చాడు. గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ముఖం ఎర్రగా పొడిగా ఉంది, చెమట చుక్క లేదు.

"సలి పెడ్తున్నది" అన్నాడు.

అక్క చేతిలోని బకెట్ దించింది. అతను షెడ్డు వైపు చూసి, కొత్తచోటికి వచ్చిన మనిషిలాగా అడిగాడు. "గీ కోళ్లన్నీ ఎవరియే?"

అక్క నా వైపు చూసింది. అప్పటిదాకా నన్ను సేటమ్మా అనే పిలిచిన మనిషి, "చెల్లె, ఐసు తే" అంది.

తొట్లలో వేయకుండా మిగిలిన ఐసంతా అతని మీద పెట్టాం. చంకల్లో, మెడ మీద, ఛాతీ మీద. తడి పట్టాల్లో చుట్టి ట్రాలీలో పడుకోబెట్టాం. అక్క అతని తల ఒళ్లో పెట్టుకుంది. నేను అతని చేతులు పట్టుకున్నాను. దారిలో అతను ఏదో గోడ గురించి మాట్లాడాడు. సిమెంటు ఆరిపోకముందే తడపాలని ఎవరికో చెబుతున్నాడు. తర్వాత ఆ మాటలూ ఆగిపోయాయి. దవాఖానలో డాక్టర్లు చేయగలిగినదంతా చేశారు. మరునాడు పొద్దున పోయాడు.

చచ్చిన కోళ్లను మా ఆయనే దగ్గరుండి గుంత తీయించి, సున్నం చల్లి పూడ్పించారు. ఆ పని అయ్యాక అక్కడే సున్నపు చేతులతో నేల మీద కూర్చుండిపోయారని డ్రైవర్ చెప్పాడు. కర్మలయ్యేదాకా ఆయన రోజూ హిమాయత్‌నగర్ పోయి వచ్చారు. అత్తమ్మ కూడా ఒక రోజు నాతో వచ్చి అక్కను పలకరించింది. అక్క పక్కన కూర్చుని, ఆమె చెయ్యి తన చేతిలోకి తీసుకుని చాలాసేపు ఉంది. ఇంటికొచ్చాక స్నానం చేయలేదు. నేను నీళ్లు తోడి పెట్టినా, తర్వాత చేస్తలే అని లోపలికి వెళ్లిపోయింది.

వానలు పడ్డాక, దాణా కంపెనీ వాళ్లు డీలర్లందర్నీ నగరంలోని ఒక పెద్ద హోటల్‌కు పిలిచారు. నన్నూ రమ్మన్నారు మా ఆయన. హాల్లో చలికి నేను కొంగు భుజాల నిండా కప్పుకున్నాను. ఒకాయన తెర మీద పటాలు చూపిస్తూ మాట్లాడాడు. మంచి మాటకారి. వాతావరణ మార్పు ఇప్పుడు వ్యాపారస్తుల సమస్య అన్నాడు. ఎండలు ఇంకా పెరుగుతాయి, వానలు ఇంకా తప్పుతాయి, దాన్ని ముందే లెక్కలోకి తీసుకున్నవాళ్లు నిలుస్తారు, మిగిలినవాళ్లు పోతారు. తెరిచిన షెడ్లంటే నెత్తి మీద నిప్పు పెట్టుకోవడమే అన్నాడు. మూసిన షెడ్లకు మారండి, మారలేని రైతులను సరఫరా గొలుసులోంచి మెల్లగా తప్పించండి. గొలుసు అనే మాట ఆయన చాలాసార్లు వాడాడు. వెనక వరసలో ఒకరు లేచి, తప్పించిన వాళ్లు ఏం చేయాలని అడిగారు. నగరం దగ్గరుంది కదా, వాళ్లకు వేరే అవకాశాలుంటాయి అని ఆయన మర్యాదగానే చెప్పాడు. అందులో అబద్ధం కూడా లేదు. మా చుట్టుపక్కల ఫామ్‌హౌజ్‌లలో వాచ్‌మన్లు, తోటమాలులు, వంటవాళ్లు ఎప్పుడూ కావాలి.

తిరిగి వచ్చాక కొన్ని రోజుల పాటు మా ఆయనకు అన్నం దగ్గర, దుకాణం మూసేటప్పుడు, గుడికి పోయే దారిలో అదే మాట. శంకర్‌పల్లి వైపు, దొంతన్‌పల్లి దగ్గర జాగా చూశారు. బ్యాంకుతో మాట్లాడారు. మూసిన షెడ్డు ఒకటి మేమే వేద్దాం, రేకుల షెడ్లలో పిల్లలను వేయడం ఆపేద్దాం. ఇదీ ఆయన ఆలోచన.

మరి వాళ్లందరూ, అని అడిగాను. ఆ షెడ్లకే జనరేటర్లు పెట్టించలేమా, రేకుల కింద వేడి ఆపే పరుపులు వేయించలేమా అని అడిగాను. ఆయన అవన్నీ ఆలోచించే ఉన్నారు. ఒక్కో షెడ్డు అంత చిన్నది, అంత ఖర్చు మోయలేదు అన్నారు. ఆ తర్వాత అసలు మాట చెప్పారు.

"మల్ల ఎండకాలం వస్తది. మల్ల ఎవరో ఒకరు రేకుల మీదికి ఎక్కుతరు. వద్దంటే ఇంటరా? కోళ్లు కండ్ల ముంగట పడుతుంటే ఎవరు ఆగుతరు? ఇంకొకరి పీనుగును చూసుడు నాతోని కాదు."

వ్యాపారం కోసం అంటున్నారో, అన్న కోసం అంటున్నారో నాకు అప్పుడు తెలియలేదు. రెండూ నిజమేనని ఇప్పుడు అనుకుంటాను. ఆయనకు కూడా ఆ రెండింటినీ విడదీయడం చేతనయ్యేది కాదేమో.

రైతులకు ఒక్కొక్కరికీ ఇంటికి పోయి చెప్పాలని పట్టుబట్టారు. ఫోన్‌లో చెప్పడం పద్ధతి కాదన్నారు. దసరా అయ్యాక బయల్దేరాం. అక్క ఇంటికి చివరన వెళ్లాం. ఆమె షెడ్డు కడిగి, సున్నం వేసి, నేల మీద కొత్త వరిపొట్టు పరిచి ఉంచింది. కొత్త బ్యాచ్ వేస్తారనుకుని సిద్ధం చేసుకుంది. ఆ పొట్టు వాసన తగిలినప్పుడు నా కాళ్లు అక్కడే ఆగాయి. మా ఆయన కూడా చూశారు. వెనక్కి తిరిగిపోతారేమో అనుకున్నాను. కానీ మంచం మీద కూర్చుని, నెమ్మదిగా అంతా చెప్పారు.

అక్క వింటూ చీపురు పుల్లలు ఒకదానితో ఒకటి సమం చేస్తూ ఉంది. చివరికి అడిగింది.

"ఎండకాలం వద్దు సేటు. నాకు తెల్వదా? చలికాలం, వానకాలం మట్టుకు ఇయ్యుండ్రి. నేనొక్కదాన్నే చూసుకుంట."

ఏడాది పొడుగునా కోళ్లు ఇవ్వకపోతే చికెన్ దుకాణాలవాళ్లు నిలవరనీ, కొత్త షెడ్డు ఖాళీగా ఉంటే బ్యాంకు ఊరుకోదనీ, ఇక్కడ కొన్ని అక్కడ కొన్ని నడపడం కుదరదనీ మా ఆయన చెప్పారు. చెప్పి, చివరన అన్నారు. "అక్కా, అన్న పోయినకాడికెల్లి నాకు నిద్ర పడ్తలేదు. రేకుల షెడ్లల్ల మల్ల కోళ్లు ఇడిస్తె ఇగ జన్మల పట్టది."

అక్క ఆయన ముఖంలోకి చూసింది. కోపంగా కాదు.

"మీ నిద్ర కోసం నా షెడ్డు బంద్ పెడ్తరా సేటు?"

మా ఆయన తల దించుకున్నారు. కొత్త షెడ్డులో ఆమెకు పని ఇస్తామని, నెలనెలా జీతమని, ఆటో మేమే పెడతామని నేను చెప్పాను. చెబుతున్నంతసేపూ నా మాటలు నాకే పరాయివాళ్ల మాటల్లా వినిపించాయి. అక్క సరేనంది. లేచి, నాకు నీళ్లు తెచ్చి ఇచ్చింది. ఆ కొత్త పొట్టు ఏం చేయాలని అడిగింది. మా ఆయన వెంటనే, మేము తీసుకుపోతామన్నారు. వద్దులే, పొయ్యికి పనికొస్తది, అంది అక్క.

ఆ చలికాలంలోనే రేకుల షెడ్లు ఒకటొకటిగా వేరే పనులకు పోయాయి. ఒకటి క్యాటరింగ్ వాళ్ల గిన్నెలకు గోదాం అయింది. ఒకటి కార్లు కడిగే చోటు అయింది. అజీజ్‌నగర్ వైపు ఉన్నదాన్ని జాగాతో సహా రిసార్ట్ వాళ్లు తీసుకున్నారు. ఎవరూ మాతో గొడవపడలేదు. పడితే బాగుండేదని మా ఆయన ఒకసారి అన్నారు.

కొత్త షెడ్డు ఎండలు ముదరకముందే మొదలైంది. తలుపు తీసి లోపలికి అడుగు పెడితే చల్లటి గాలి ముఖానికి కొడుతుంది. మసక వెలుతురు, ఫ్యాన్ల రొద. అక్క, ఇంకో నలుగురూ తొట్లు చూసుకోవడం, చచ్చినవేవైనా ఉంటే ఏరడం, పొట్టు తిరగేయడం చేసేవారు. చచ్చేవి చాలా తక్కువ. బయట రోడ్డు మీద తారు మెత్తబడుతుంటే, లోపల కోళ్లు హాయిగా మేస్తూ తిరిగేవి. మా ఆయన ఆ ఎండాకాలం మొదటిసారి పగలు దుకాణంలో నింపాదిగా కూర్చోగలిగారు. ఆ మనిషి ముఖం కాస్త తేరుకోవడం చూసి నాకు సంతోషమే కలిగింది. ఆ మాట దాచను.

అక్క మానేస్తానని చెప్పింది ఆ రోజుల్లోనే. షెడ్డు బయట, నీడలో నిలబడి ఉన్నాం. జీతం సరిపోలేదా అని అడిగాను, ఆటో ఇబ్బందా అని అడిగాను. కాదంది.

"లోపట గా సల్లటి గాలి తగిలితే ఆయన చేతులు యాదికొస్తున్నయి చెల్లె. ఐసు పెట్టినంక సల్లగైనయి గదా, గట్ల. పొద్దంత గదే యాది. కోళ్లను చూస్తుంటె మంచిగనే ఉన్నయి. ఆటిని చూసి నాకెందుకు ఏడుపొస్తున్నదో తెల్వది."

ఆ చేతులను ఆ రోజు పట్టుకున్నది నేను. ఆ చల్లదనం నాకూ తెలుసు.

అన్న సంవత్సరీకానికి అక్క మా ఇద్దరినీ పిలిచింది. మా ఆయన రారేమో అనుకున్నాను, పొద్దున్నే తయారై కూర్చున్నారు. హిమాయత్‌నగర్‌లో చుట్టాలు, ఊరివాళ్లు బాగానే వచ్చారు. వాకిట్లో పెద్ద గిన్నెల్లో మాంసం ఉడుకుతోంది. అక్క మమ్మల్ని లోపలి అర్రలోకి తీసుకెళ్లింది. మాకోసమని తెల్లవారకముందే లేచి, తలస్నానం చేసి, కొత్త గిన్నెలు కొని, పప్పుచారు, వంకాయకూర, పరమాన్నం వేరే పొయ్యి మీద వండిపెట్టింది. అన్న ఫొటో అదే అర్రలో ఉంది. దండ వేసి, ముందు దీపం పెట్టారు.

మా ఆయన విస్తరి ముందు కూర్చుని ముద్ద కలిపారు. కలుపుతూనే ఉన్నారు. అక్క వడ్డిస్తున్నది ఆగి చూసింది.

"తినుండ్రి సేటు. మీ మీద నాకేం లేదు."

ఆయన ఆ ముద్ద నోట్లో పెట్టుకున్నారు. తర్వాత లేచి చెయ్యి కడుక్కుని బయటికి వెళ్లిపోయారు. అక్క అన్న మాటలో ఎక్కడా వంకర లేదు. నిజంగానే ఆమె మనసులో మా మీద ఏమీ లేదు. బహుశా ఉండి ఉంటే, ఆయన తినగలిగేవారు. తిరిగి వస్తున్నప్పుడు మొయినాబాద్ దాటాక కారు పక్కకు ఆపి, స్టీరింగ్ మీద తల పెట్టుకుని ఏడ్చారు. మా పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన ఏడవడం అంతకుముందు చూడలేదు. నేను వీపు మీద చెయ్యి వేసి కూర్చున్నాను. పక్క నుంచి బండ్లు పోతూనే ఉన్నాయి.

ఇదంతా జరిగి కొన్నేళ్లయింది. మా వ్యాపారం నిలబడింది. మా పక్క వీధిలో అలాంటి దుకాణమే నడిపిన ఒకాయన రేకుల షెడ్లను పట్టుకుని వేలాడి, రెండు ఎండాకాలాలు చూసి మూసేసుకున్నాడు. మా ఆయన చేసింది తప్పని వ్యాపారం తెలిసినవాళ్లు ఎవరూ అనరు. ఇప్పుడు కొత్త షెడ్డుకూ ఇబ్బందులు వస్తున్నాయి. తడి అట్టలకు నీళ్లు కావాలి, మా బోరు ఎండాకాలంలో సగం పొద్దే పోస్తోంది, మిగిలింది ట్యాంకర్లతో తెప్పిస్తున్నాం. ఉక్కపోత రోజుల్లో ఎంత నీరు పారినా గాలి చల్లబడటం లేదు. కప్పు మీద సోలార్ పలకలు పెడదామా, ఈ పనే మానుకుని గోదాములు కట్టి కిరాయికిద్దామా అని ఆయన మళ్లీ అన్నం దగ్గర మాట్లాడుతున్నారు. మునుపటి హుషారు లేదు. మాట మధ్యలో ఆపేసి, చూద్దాంలే అంటారు.

అత్తమ్మ పోయిన ఏడు కాలం చేసింది. చివరి రోజుల్లో ఒకసారి హిమాయత్‌నగర్ ఆమె ఎట్లున్నదని అడిగింది. బాగానే ఉందని చెప్పాను.

అక్క ఇప్పుడు అజీజ్‌నగర్‌లో ఒక ఫామ్‌హౌజ్‌లో వంట చేస్తోంది. తన షెడ్డు విప్పించి రేకులు, ఇనుము అమ్మేసింది. అన్న కట్టిన ఇటుక గోడ మాత్రం కూల్చనివ్వలేదు. లోపల ఏమీ లేని ఆ నాలుగు గోడల మధ్య ఇప్పుడు తుమ్మ మొలిచిందట. ఇది నాకు చెప్పింది వేరేవాళ్లు.

మొన్న ఎండవేళ అజీజ్‌నగర్ దగ్గర రోడ్డు పక్కన షేర్ ఆటో కోసం నిలబడి కనిపించింది. కారు ఆపాను. ఎక్కింది. జుట్టు బాగా నెరిసింది. పని ఎట్లా ఉందని అడిగితే, మంచిగనే ఉన్నది, శని ఆదివారాలు పని ఎక్కువుంటది, మిగతా దినాలు ఊరికెనే కూసుంటం అంది. మా ఆయన గురించి అడిగింది. దుకాణం ఎట్లా నడుస్తోందని అడిగింది. కోళ్ల గురించి మాత్రం అడగలేదు, నేనూ ఆ మాట ఎత్తలేదు. హిమాయత్‌నగర్ మలుపు దగ్గర దిగింది. చీర కొంగు తల మీదికి లాక్కుని, కిటికీలోంచి వంగి, "తీరిక దొరికితే ఇంటికి రా చెల్లె" అంది.

వస్తానన్నాను. ఇంకా వెళ్లలేదు.